ఎలుకను ఏమడిగాం?

1849లో క్లోద్ బెర్నార్ అనే ఫ్రెంచి శరీరధర్మ శాస్త్రవేత్త కుందేలు మెదడు అడుగుభాగంలో, నాలుగో కుహరం నేల మీద, సన్నటి పనిముట్టుతో ఒక పోటు పొడిచాడు. కాసేపటికి ఆ కుందేలు మూత్రంలో చక్కెర కనబడింది. క్లోమగ్రంథికీ మధుమేహానికీ ఉన్న సంబంధం అప్పటికి రుజువు కాలేదు. మెదడులో ఒకచోట గుచ్చితే మూత్రంలోకి చక్కెర దిగుతోంది కాబట్టి ఈ జబ్బు పుట్టుక నరాల్లోనే ఉందనుకోవడం తేలికైపోయింది. షుగరు రోగులకు అరికాళ్ళ మంటలు, తిమ్మిర్లు ఉంటే, నరాలు చెడ్డాయి కనుకనే షుగరు వచ్చిందని ఆనాటి వైద్యులు కారణకార్యాలు కట్టేవారు. 1864లో మార్షల్ ద కాల్వీ అనే మరో ఫ్రెంచి వైద్యుడు రోగులనే పరిశీలించి ఆ లెక్కను తిరగేశాడు. నరాలు చెడి షుగరు రావడం కాదు, షుగరు వల్లే నరాలు చెడుతున్నాయన్నాడు. ఇందులో బెర్నార్ కుందేలు చేసిన తప్పేమీ లేదు. మెదడుకు పోటు తగిలితే కాలేయం నుంచి చక్కెర రక్తంలోకి దిగుతుందన్నది ఇప్పటికీ నిజమే. కాకపోతే ఆ నిజం వేరే ప్రశ్నకు జవాబు.

మధుమేహం వల్ల దెబ్బతిన్న నరాలకు మందు వెతికిన చరిత్రంతా ఇదే పొరపాటు చుట్టూ తిరిగింది. 1960ల నుంచి ఇప్పటిదాకా ఎలుకల్లో భేషుగ్గా పనిచేసి మనుషుల దగ్గరికి వచ్చేసరికి చతికిలబడ్డ మందుల వరుస చాలా పొడవైనది. మందు ఓడిపోయినప్పుడల్లా 'ఎలుక మనిషి కాదు' అన్న మాట వినిపిస్తుంది. మాట నిజమే కానీ అది ఏమీ వివరించదు. ఎలుక మనిషి కాదని ప్రయోగం మొదలుపెట్టకముందూ అందరికీ తెలుసు. ఈ వైఫల్యాల చరిత్రను వరుసగా చూస్తే నాకు తోచేది వేరు. ఎలుక తనను అడిగినదానికి దాదాపు ప్రతిసారీ సరైన జవాబే ఇచ్చింది. అడిగిన ప్రశ్నే ఇరుకైనది. కొలవడానికి వీలుగా ఉన్నదాన్ని కొలిచి, కొన్నేళ్ళకు ఆ కొలతే జబ్బు అనుకోవడం మొదలుపెట్టింది మనుషులు.

ఈ పనికి అసలు జంతువు ఎందుకు కావలసివచ్చిందో ముందు చెప్పాలి. మనిషిలో ఈ జబ్బు నడక చాలా నెమ్మది. షుగరు వచ్చిన పదేళ్ళకో ఇరవయ్యేళ్ళకో కాలివేళ్ళలో మొదలై, మేజోడు తొడిగినట్టు మెల్లగా పైకి పాకుతుంది. కొందరికి రాత్రిపూట నిద్రపట్టనివ్వని మంట, సూదులు గుచ్చినట్టు పోట్లు. కొందరికి అసలు స్పర్శే తెలియదు. చెప్పులో రాయి ఉన్నా, నిప్పు తగిలినా తెలియక పుండు పడుతుంది, అది మానక చివరికి వేలో పాదమో తీసేయాల్సి వస్తుంది. ఇన్నేళ్ళ వ్యవహారాన్ని మందుల పరీక్షకు సరిపడా కాలంలో ఇమడ్చడం కష్టం. పైగా బతికున్న మనిషి కాలి నరాన్ని పదే పదే కోసి చూడటం కుదరదు. కాబట్టి షుగరు త్వరగా తెప్పించగల జంతువు కావాలి. 1889లో స్ట్రాస్‌బర్గ్‌లో మింకోవ్‌స్కీ, ఫాన్ మేరింగ్ కుక్క క్లోమగ్రంథిని తీసేసి మధుమేహం పుట్టించారు. టొరంటోలో 1921లో బాంటింగ్, బెస్ట్ ఇన్సులిన్ తీసింది కూడా కుక్కల మీద పనిచేసే. కానీ ఒక్కో జంతువుకూ శస్త్రచికిత్స చేస్తూ పోతే మందులను వందలకొద్దీ పరీక్షించడం అయ్యే పని కాదు. ఆ ఇబ్బందిని తీర్చింది యుద్ధకాలపు యాదృచ్ఛికం. బాంబుదాడుల్లో శిథిలాల కింద నలిగినవారి మూత్రపిండాలు ఎందుకు పాడవుతున్నాయో తెలుసుకోవాలని గ్లాస్గోలో షా డన్, అతని సహచరులు జంతువులకు రకరకాల రసాయనాలు ఎక్కించి చూస్తున్నారు. 1943లో వాటిలో ఒకటైన అలాక్సాన్ మూత్రపిండాల సంగతి అటుంచి క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలను చంపేసిందని తేలింది. ఆ తర్వాత స్ట్రెప్టోజోటోసిన్ వచ్చింది. అమెరికాలోని కాన్సస్ రాష్ట్రం, బ్లూ రాపిడ్స్ అనే ఊరి మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి అప్‌జాన్ కంపెనీ వేరుచేసిన పదార్థం ఇది. యాంటీబయాటిక్ అవుతుందని ఆశపడ్డారు. 1963లో రాకియెటెన్ బృందం దాన్ని ఎలుకలకు, కుక్కలకు ఎక్కిస్తే మధుమేహం వస్తోందని ప్రకటించింది. దాని అణువులో గ్లూకోజును పోలిన భాగం ఉంది కనుక గ్లూకోజు వెళ్ళే ద్వారం గుండానే ఇన్సులిన్ కణాల్లోకి చొరబడి వాటి డీఎన్ఏను పాడుచేస్తుంది. ఒక్క సూదిమందు వేస్తే రెండు మూడు రోజుల్లో ఎలుకకు షుగరు సిద్ధం. చవక, వేగం, నమ్మకం మూడూ కుదిరాయి. ప్రపంచంలో ఏ ప్రయోగశాలైనా, ఎంత చిన్నదైనా, ఈ పరిశోధనలోకి దిగడానికి దారి తెరుచుకుంది.

షుగరైతే తెప్పించారు. ఇక నరం చెడిందో లేదో దేన్నిబట్టి చెప్పాలి? ఎలుక తన తిమ్మిరి గురించి మాట్లాడదు. 1964లో ఎలియాసన్ అనే పరిశోధకుడు అలాక్సాన్‌తో షుగరు తెప్పించిన ఎలుకల నరాల్లో విద్యుత్ సంకేతం నడిచే వేగం తగ్గిందని చూపించాడు. ఈ పరిశోధన మొత్తాన్నీ నడిపించిన కొలత అప్పటినుంచి అదే. దానికి కారణాలు లేకపోలేదు. తుంటినరం దగ్గర ఒకచోట విద్యుత్ తాకిడి ఇచ్చి, కాస్త కిందుగా మడమ దగ్గర మరోచోట ఇచ్చి, పాదం కండరం కదలడానికి పట్టిన సమయాల తేడాతో ఆ రెండు చోట్ల మధ్య దూరాన్ని భాగిస్తే సెకనుకు ఇన్ని మీటర్లని అంకె వస్తుంది. ఎవరు కొలిచినా కాస్త అటూ ఇటూగా అదే వస్తుంది. షుగరు తెప్పించిన నాలుగు నుంచి ఎనిమిది వారాల్లోనే తేడా బయటపడుతుంది. అన్నిటికంటే ముఖ్యంగా, ఇదే కొలతను ఆస్పత్రిలో మనుషులకూ తీయవచ్చు. ఎలుకనూ మనిషినీ ఒకే కొలబద్దతో కొలిచే సౌకర్యం ఏ శాస్త్రవేత్తనైనా ఊరిస్తుంది.

చిక్కంతా ఆ వేగం దేన్ని చెబుతోందన్న దగ్గర ఉంది. కండరాన్ని కదిలించే లావుపాటి నరపు పోగుల్లో సంకేతం ఎంత వడిగా నడుస్తోందో అది చెబుతుంది. రోగిని బాధపెట్టే మంట, పోయిన స్పర్శ ఎక్కువగా సన్నపోగుల సంగతి. పైగా మనిషిలో జబ్బు ముదిరేది పోగులు కృశించి రాలిపోవడం వల్ల. మిగిలిన పోగుల్లో వేగం ఎంతన్నది రెండో విషయం. స్ట్రెప్టోజోటోసిన్ ఎలుకలో ఎనిమిది వారాల్లో వేగం తగ్గుతుంది గానీ, మనిషిలోలా పోగులు పెద్దసంఖ్యలో రాలిపోవు. 1974లో లండన్‌లో శర్మ, థామస్ షుగరు ఎలుకల నరాలను సూక్ష్మదర్శినిలో శ్రద్ధగా చూస్తే, మనిషి నరాల్లో కనిపించే విధంగా పోగును చుట్టి ఉండే తొడుగు ఊడిపోవడం వాటిలో ప్రస్ఫుటంగా కనిపించలేదు. ఇంకో ముడి కూడా ఉంది. ప్రయోగాలకు వాడేవి చాలావరకు ఇంకా ఎదుగుతున్న ఎలుకలు. వయసుతోపాటు పోగులు లావెక్కి, సంకేతం వడి పెరగాల్సిన దశ అది. షుగరు వచ్చి ఒళ్ళు చిక్కిపోయిన ఎలుకలో వేగం తక్కువగా ఉందంటే అది చెడిన నరమా, ఎదగని నరమా? ఈ సందేహాన్ని 1970లలోనే లేవనెత్తారు. కానీ కొలత చేతికి అలవాటైపోయింది. సందేహాలు చర్చల పేరాల్లో ఉండిపోయాయి, అంకెలు పట్టికల్లోకి ఎక్కాయి.

ఆ పట్టికలను నింపిన మొదటి పెద్ద ఊహ సార్బిటాల్‌ది. రక్తంలో గ్లూకోజు మితిమీరితే, ఆల్డోస్ రిడక్టేస్ అనే ఎంజైమ్ దాన్ని సార్బిటాల్ అనే చక్కెర ఆల్కహాల్‌గా మారుస్తుంది. అది కణంలోంచి తేలిగ్గా బయటికి పోదు. 1959లో ఆక్స్‌ఫర్డ్‌లో రూత్ వాన్ హేనింగెన్ షుగరు ఎలుకల కంటి కటకంలో సార్బిటాల్ పేరుకుంటోందని చూపించారు. 1966లో కెనెత్ గబ్బే, సహచరులు నరంలోనూ అదే జరుగుతోందని ప్రకటించారు. ఒకే రసాయన మార్గం శుక్లానికీ నరాల జబ్బుకూ కారణమైతే, ఒకే ఎంజైమ్‌ను ఆపి రెండింటికీ అడ్డుకట్ట వేయవచ్చు. ఇంత పొందికైన ఊహ వైద్యంలో అరుదుగా దొరుకుతుంది. మందుల కంపెనీలు వెంటపడ్డాయి. ఆల్రెస్టాటిన్, సార్బినిల్, టాల్‌రెస్టాట్, పొనాల్‌రెస్టాట్, జెనారెస్టాట్ అంటూ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. షుగరు ఎలుకలకు వీటిని పెడితే నరంలో సార్బిటాల్ తగ్గింది, సంకేత వేగం మామూలు స్థాయికి దగ్గరపడింది. ఎలుకల దృష్ట్యా విజయం సంపూర్ణం.

మనుషుల ఫలితాల్లో మొదటి పెద్ద వార్త 1983లో వచ్చింది. 39 మంది రోగులకు తొమ్మిది వారాలపాటు సార్బినిల్ ఇస్తే కాలి నరంలో సంకేత వేగం పెరిగిందని ఒక ప్రతిష్ఠాత్మక వైద్యపత్రిక ప్రచురించింది. పెరిగింది ఎంత? సెకనుకు 0.7 మీటరు. ఆరోగ్యవంతుడి కాలినరంలో వేగం సెకనుకు 40 మీటర్లకు పైమాటే. అంత చిన్న పెరుగుదల రోగికి నడకలోనో నిద్రలోనో తెలుస్తుందని ఎవరూ నిరూపించలేదు. గణితపరంగా అది నిజమైన తేడా, ఎలుక జోస్యం ఫలించింది కూడా. కానీ జోస్యం చెప్పింది వేగం గురించి. తర్వాత జరిగింది దాదాపు ఒకే కథ. సార్బినిల్ ఒంటికి పడక కొందరిలో తీవ్రమైన దద్దుర్లు, జ్వరం తెచ్చింది. టాల్‌రెస్టాట్ కొన్ని దేశాల్లో అమ్మకానికి కూడా వచ్చి, కాలేయాన్ని దెబ్బతీసి మరణాలకు దారితీయడంతో 1996లో వెనక్కి తీసుకున్నారు. పొనాల్‌రెస్టాట్ పనే చేయలేదు. 2007లో అప్పటిదాకా జరిగిన పరీక్షలన్నిటినీ కలిపి బేరీజు వేసిన కాక్రేన్ సమీక్ష ఈ తరగతి మందులకూ ఉత్తుత్తి మాత్రకూ రోగి నరాల స్థితిలో చెప్పుకోదగ్గ తేడా లేదని తేల్చింది. 1992లో జపాన్ అనుమతించిన ఎపాల్‌రెస్టాట్ మాత్రం నిలబడింది. మన దేశంలోనూ వైద్యులు దాన్ని రాస్తున్నారు. యూరప్, అమెరికాల్లో అనుమతి లేదు.

ఈ సార్బిటాల్ కథకు హైదరాబాద్‌లో ఒక కొమ్మ ఉంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో భానుప్రకాశ్ రెడ్డి బృందం ఆల్డోస్ రిడక్టేస్ మీద ఏళ్ళతరబడి పనిచేసింది. స్ట్రెప్టోజోటోసిన్‌తో షుగరు తెప్పించిన ఎలుకల మేతలో పసుపు, దాని సారమైన కుర్కుమిన్ కలిపితే కంటిశుక్లం ఆలస్యమవుతోందని 2005లో ప్రకటించింది. రక్తంలో చక్కెర మాత్రం తగ్గలేదు. బృందం ఆ సంగతి కూడా స్పష్టంగానే రాసింది. వంటింటి పసుపుకు ఇంత మహిమ ఉందంటే తెలుగువాళ్ళకు ముచ్చటే. కానీ ఎలుక కటకంలో ఆల్డోస్ రిడక్టేస్ మెండుగా ఉంటుంది, మనిషి కటకంలో చాలా తక్కువ. చిట్టెలుక కటకంలో ఇంకా తక్కువ కాబట్టే షుగరు వచ్చినా దానికి అంత తొందరగా శుక్లం రాదు. ఎలుకకూ చిట్టెలుకకూ మధ్యే ఇంత ఎడముంటే, ఎలుక నుంచి మనిషికి ఒక్క గంతులో దూకడం ఎంత సాహసమో ఊహించవచ్చు. హైదరాబాద్ ప్రయోగం అడిగిన ప్రశ్న సరైనది: ఈ పదార్థం ఈ ఎంజైమ్ దారిని అడ్డుకోగలదా? దానికి వచ్చిన జవాబును 'పసుపు తింటే షుగరు రోగి కళ్ళు బాగుంటాయి' అని చదివితే ఆ తప్పు ప్రయోగానిది కాదు.

ఇక్కడ ఒక గట్టి ఆక్షేపణ ఉంది. సార్బిటాల్ మందులు ఓడిపోలేదు, వాటిని పరీక్షించిన తీరు ఓడిపోయింది అంటారు ఆ ఊహను నమ్మినవారు. మనుషులకిచ్చిన మోతాదు నరంలోని సార్బిటాల్‌ను తగినంత తగ్గించలేదు, పరీక్షల కాలం కొన్ని నెలలే, అప్పటికే పోగులు రాలిపోయిన రోగులను ఎంచుకున్నారు అని. ఈ వాదనను తోసిపుచ్చలేం. జెనారెస్టాట్ పరీక్షల్లో రోగుల నుంచి నరపు ముక్క తీసి సార్బిటాల్‌ను నేరుగా కొలిచారు. 80 శాతానికి మించి అణిచినప్పుడే వేగం మెరుగుపడిందని 1999లో వెల్లడైంది. అంత మోతాదు వేస్తే మూత్రపిండాల మీద ప్రభావం కనబడటంతో ఆ మందూ ఆగిపోయింది. కానీ ఈ ఆక్షేపణలోని ఒక్కో అంశాన్నీ విడదీసి చూడండి. కాలం చాలలేదు, జబ్బు ముదిరాక మొదలుపెట్టారు అనడమంటే ఏమిటి? ఎలుక ప్రయోగంలో షుగరు తెప్పించిన రోజునో ఆ వారంలోనో మందు మొదలుపెట్టారు. రాబోయే నష్టాన్ని ఆపుతుందా అని ఎలుకను అడిగి, జరిగిపోయిన నష్టాన్ని పూడుస్తుందా అని మనిషిని అడిగారు. కాబట్టి ఈ ఆక్షేపణ నా వాదనకు ఎదురు నిలవడం పోయి దానికే బలం చేకూరుస్తోంది.

సార్బిటాల్ ఆశలు సన్నగిల్లుతున్న కాలంలోనే మరో గొప్ప ఆశ మొలిచింది. నరాల పెరుగుదలకు తోడ్పడే ప్రోటీన్‌ను కనిపెట్టిన రీటా లేవీ మొంతాల్చినీకి, స్టాన్లీ కోహెన్‌కు 1986లో నోబెల్ వచ్చింది. నొప్పిని, వేడిని తెలిపే సన్నపోగులు ఈ ప్రోటీన్ మీదే ఆధారపడతాయి. షుగరు ఎలుకల్లో దాని సరఫరా తగ్గుతుంది, బయటినుంచి ఇస్తే ఆ పోగులు నిలదొక్కుకుంటాయి. అపూర్వమైన తర్కం కదా, కొలత కూడా ఈసారి సన్నపోగులదే. జెనెన్‌టెక్ కంపెనీ దాన్ని మందుగా తయారుచేసింది. 250 మంది రోగులతో చేసిన తొలి పరీక్ష ఆశ పెంచింది. 1,019 మందితో 48 వారాలు నడిచిన పెద్ద పరీక్ష ఫలితం 2000లో వచ్చింది: ఉత్తుత్తి మందుకూ దీనికీ తేడా లేదు. ఎందుకన్నదాని మీద చాలా చర్చ జరిగింది. అందులో నాకు ముఖ్యంగా తోచేది ఒకటే. ఈ ప్రోటీన్ సూది వేసినచోట నొప్పి పుట్టిస్తుంది. ఆ నొప్పి వల్ల మనుషులకు ఎలుకల మోతాదుతో పోలిస్తే చాలా చాలా తక్కువే ఇవ్వగలిగారు. నొప్పిని మోసే పోగులను పెంచే పదార్థం నొప్పి పుట్టించడంలో వింత లేదు. తర్వాతి ఏళ్ళలో ఇదే ప్రోటీన్‌ను అడ్డుకునే మందులను నొప్పినివారకాలుగా పరీక్షించారు కూడా! నరాన్ని బతికించు అని ఎలుకను అడిగినవాళ్ళు, నీకు నొప్పిగా ఉందా అని మాత్రం సరిగా అడగలేదు.

నొప్పి ప్రస్తావన వచ్చింది కనుక, అవతలి పక్షంవారి బలమైన సాక్ష్యాన్ని చూడాలి. షుగరు నరాల నొప్పికి ఈరోజు విరివిగా వాడే ప్రెగాబాలిన్, డ్యులాక్సెటిన్ రెండూ అమెరికాలో 2004లో ఈ నొప్పికి అనుమతి పొందాయి. 1999లోనే స్ట్రెప్టోజోటోసిన్ ఎలుకల్లో గాబాపెంటిన్, ప్రెగాబాలిన్ తాకిడికి పుట్టే నొప్పిని తగ్గించాయని ఫీల్డ్ బృందం చూపించింది. ఎలుక జోస్యం ఇక్కడ నిజమైంది కదా అంటారు. అయింది. కానీ ఈ మందులు పుట్టిన దారి వేరు. గాబాపెంటిన్ మూర్ఛకు 1993లో అనుమతి పొందిన మందు. ప్రెగాబాలిన్ దాని బంధువు. డ్యులాక్సెటిన్ మనోవ్యాకులతకు తయారైంది. షుగరు నరాల జబ్బు మీద ఒక ఊహ కట్టి దాన్నుంచి వీటిని తయారుచేయలేదు. ఇవి నరాన్ని బాగుచేయవు, పోయిన స్పర్శను తేవు, పుండును ఆపవు. నొప్పి సంకేతాన్ని తగ్గిస్తాయి, అంతే. గుర్రపువెంట్రుకలాంటి సన్నటి తీగతో పాదం అడుగున మెల్లగా నొక్కి ఎంత ఒత్తిడికి పాదం వెనక్కి లాక్కుంటుందో చూసే పరీక్ష (జర్మన్ శాస్త్రవేత్త ఫాన్ ఫ్రే పేరుతో నడిచేది) ఎలుకను అడుగుతున్నది కూడా సరిగ్గా అంతే. ప్రశ్నా జవాబూ ఒకదానికొకటి అతికినచోట ఎలుక గెలిచింది. అక్కడ కూడా చిక్కులు లేకపోలేదు. విపరీతంగా మూత్రం పోసుకుంటూ, చిక్కి, నీరసించిన ఎలుక పాదం వెనక్కి లాక్కోవడాన్ని నరాల నొప్పిగానే లెక్కించవచ్చా అని అదే 1999లో ఫాక్స్ బృందం ప్రశ్నించింది. మనుషుల్లో ఎక్కువమందికి చివరికి మిగిలేది నొప్పి కంటే మొద్దుబారడం. మొద్దుబారిన పాదం ఉన్న ఎలుకను చూపి మందు అమ్మడం కష్టం కాబోలు, ఆ పరీక్షలు చాలా తక్కువ.

దూరం సంగతి ఇంకొకటి. ఈ జబ్బు కాలివేళ్ళలోనే ఎందుకు మొదలవుతుంది? వెన్నుదగ్గరి నరకణం నుంచి పాదం చివరిదాకా పాకిన పోగు మనిషిలో దాదాపు మీటరు పొడవు. దాని చివరి అంచుకు పోషకాలను చేరవేయడం కణానికి శ్రమ. కాలువ చివరి పొలాలకే ముందు నీళ్ళు అందనట్టు, తొలి దెబ్బ ఆ చివరనే తగులుతుంది. ఎలుకలో ఆ దూరం పది పదిహేను సెంటీమీటర్లు, చిట్టెలుకలో ఇంకా తక్కువ. ఆయుష్షు రెండు మూడేళ్ళు. అంటే జబ్బుకు ముఖ్యకారణాలైన పొడవూ కాలమూ రెండింటినీ కత్తిరించి, మిగిలినదాన్ని జబ్బు అని పిలిచారు. పైగా ప్రపంచంలో షుగరు రోగుల్లో అత్యధికులది రెండో రకం. వారిలో ఇన్సులిన్ ఉంటుంది, అది సరిగా పనిచేయదు, లావూ కొవ్వూ రక్తపోటూ తోడవుతాయి. స్ట్రెప్టోజోటోసిన్ ఎలుకకు ఇన్సులిన్ కణాలే దాదాపు ఉండవు, చాలా ప్రయోగాల్లో ఇన్సులిన్ ఇవ్వనూ ఇవ్వరు. ఏ వైద్యుడూ తన రోగిని ఆ స్థితిలో వదిలేయడు. ఈ లోటు తీర్చడానికి వేరే జంతువులు లేవా అంటే ఉన్నాయి. అమెరికాలో జాక్సన్ ప్రయోగశాల 1966లో వర్ణించిన స్థూలకాయపు చిట్టెలుకలు ఉన్నాయి. హైదరాబాద్ పోషకాహార సంస్థ 1920 నుంచి కూనూరులో, ఆ తర్వాత ఇక్కడ పెంచుతూ వచ్చిన విస్టార్ ఎలుకల్లోంచి వాటంతటవే లావెక్కిన రకాలు పుట్టాయి, వాటిలో ఒకదానికి గ్లూకోజును తట్టుకునే శక్తి తక్కువ. అన్నిటికంటే ఆశ్చర్యం ఇంటి పిల్లిది. ముసలి పిల్లులకు మనుషుల రెండో రకానికి దగ్గరి మధుమేహం సహజంగా వస్తుంది, నరాలు చెడి వెనక కాళ్ళు మడమల మీద ఆనించి నడుస్తాయి. శాన్ డియేగోలో మిజిసిన్ బృందం ఆ పిల్లుల నరాలను పరిశీలిస్తే తొడుగు దెబ్బతినడం సహా మనిషి నరాల్లో కనిపించే మార్పులు చాలా కనిపించాయి. అయినా పిల్లులతో మందుల పరీక్షలు సాగలేదు. కారణం ఊహించడం కష్టం కాదు. పిల్లికి జబ్బు రావడానికి ఏళ్ళు పడుతుంది, ఎలుకకు మూడు రోజులు.

ఇదంతా విన్నవారు అడిగే తదుపరి ప్రశ్న సహజమైనదే. మనుషుల జబ్బును మనుషుల్లోనే చూసుకోవచ్చు కదా, ఈ ఎలుకల హింస ఎందుకు? 1993లో 1,441 మంది మొదటిరకం రోగులతో సగటున ఆరున్నరేళ్ళు నడిచిన అమెరికా, కెనడా పరిశోధన చక్కెరను కట్టుదిట్టంగా అదుపులో పెడితే నరాల జబ్బు 60 శాతం తగ్గుతుందని తేల్చింది. ఈ రంగంలో ఇంతకంటే పెద్ద సాక్ష్యం లేదు, అందులో ఎలుక పాత్ర లేదు. రెండోరకం షుగరులో అదే అదుపు నరాలకు అంతగా మేలు చేయలేదని తెలిసింది కూడా మనుషుల నుంచే. 2022 డిసెంబరులో అమెరికా, 2023లో భారతదేశం కొత్తమందులకు జంతుపరీక్షలే చేసితీరాలన్న నిబంధనను సడలించాయి. పళ్ళెంలో పెంచిన మానవ నరకణాలు, చిప్పుల మీది కణజాలాలు ఆ స్థానంలో వస్తాయంటున్నారు. జంతువుల బాధ నిజమైన బాధ, దాన్ని తగ్గించే ఏ దారైనా స్వాగతించాల్సిందే. కానీ పళ్ళెంలోని నరకణానికీ అదే పరీక్ష పెట్టాలి. దాని పోగు పొడవు ఎంత? దానికి రక్తనాళం ఉందా? దానికి షుగరు ఎన్నాళ్ళుగా ఉంది? మందు విషమో కాదో చెప్పడంలో జంతువు ఇప్పటికీ అక్కరకొస్తుంది. హైదరాబాద్‌లోని డాక్టర్ రెడ్డీస్ కనిపెట్టి నోవో నార్డిస్క్‌కు ఇచ్చిన రాగాగ్లిటాజార్ అనే షుగరు మందును 2002లో ఆపేసింది ఎలుకల మూత్రాశయంలో కణితులు కనబడినందుకే. అదే జంతువులు టాల్‌రెస్టాట్ మనిషి కాలేయాన్ని కాటేస్తుందని చెప్పలేకపోయాయన్నదీ నిజం. జంతువును తీసేసి యంత్రాన్ని పెట్టినంతమాత్రాన ప్రశ్న మారదు.

ప్రశ్నను మార్చే ప్రయత్నం ఆలస్యంగానైనా మొదలైంది. మధుమేహ అధ్యయనానికి ఏర్పడ్డ యూరోపియన్ సంఘంలోని నరాల విభాగం 2014లో ఒక ఉమ్మడి ప్రకటన చేసింది. ఎలుకకు నరాల జబ్బు వచ్చిందని రాయాలంటే ప్రవర్తన, సంకేత వేగం, నరం నిర్మాణం మూడింట్లో కనీసం రెండింట్లో తేడా చూపాలంది. వేగం ఒక్కటే చాలదని అంగీకరించడానికి ఎలియాసన్ ప్రయోగం నుంచి సరిగ్గా 50 ఏళ్ళు పట్టింది. చర్మంలో కొద్ది మిల్లీమీటర్ల ముక్క తీసి సన్నపోగులను లెక్కపెట్టే పద్ధతి, కంటిపొర మీది నరాలను కోత లేకుండా సూక్ష్మదర్శినితో చూసే పద్ధతి ఇప్పుడు ఎలుకకూ మనిషికీ ఒకేలా వాడుతున్నారు. ఇవి కూడా కొలతలే, రేపు ఇవే జబ్బుగా మారిపోయే ప్రమాదం వీటికీ ఉంది. తేడా ఒక్కటే: కాలివేలి చర్మంలో పోగులు రాలిపోవడం మార్షల్ ద కాల్వీ రోగులు చెప్పుకున్న బాధకు చాలా దగ్గరి సంగతి. షుగరు తెప్పించిన రోజే మందు పెట్టడం మానేసి, ఈ పోగులు రాలాకే మొదలుపెట్టి, అవి తిరిగి మొలుస్తాయా అని ఆరు నెలలో ఏడాదో ఆగి చూసే ప్రయోగాలకు ఖర్చెక్కువ, పత్రికల్లో వ్యాసాలు తక్కువ. వాటికి డబ్బు పెట్టడానికి సిద్ధపడే సంస్థలు ఎన్ని ఉంటాయన్న దాని మీదే తర్వాతి మందు ఆధారపడి ఉంది.